సున్నం కింది నీలం

క్రిస్మస్‌కు ఇంకా వారం ఉంది. ఆసుపత్రిలో నర్సు పనికి మూడు రోజులు సెలవు పెట్టి మరీ ఇంటికి సున్నం కొడుతోంది కృపారాణి. "నువ్వుండంగా కూలోడెందుకు?" అన్నాడు భర్త వసంతకుమార్. నిజమే, ఆమె ఉండగా ఆ ఇంట్లో ఏ పనికీ ఇంకొకరు ఎందుకు!

వంటింటి గోడ దగ్గరికొచ్చేసరికి నడుం విరిగిపోతోంది. ఆ అలసటలో నీలిమందు వడగట్టకుండానే సున్నంలో కలిపేసింది. కుంచె ఈడ్చిన చోటల్లా ఉండలు చిట్లి నీలి చారలు సాగాయి. చెరిపేయాలి. చెరపబుద్ధి కాలేదు. "సూదులేసే చేతికి ఉప్పెయ్యడం రాదా?" "మా అమ్మ ఒక్కతే చేసేది." పన్నెండేళ్ల కాపురంలో భర్త అన్న మాటలన్నీ చెవిలో మోగుతుంటే మాటకో చార లాగింది. గోడ అడుగున వేసే పట్టీకని నానబెట్టిన ఎర్రమన్ను కూడా తెచ్చి పులిమింది. అది పువ్వో పిట్టో ఆమెకే తెలియదు. కానీ చూస్తుంటే తనే అక్కడ ఉన్నట్టనిపించి, ఏడుపొచ్చేసింది.

నీళ్లకని వచ్చిన అత్త జీవమ్మ గడపలోనే ఆగిపోయింది.

"ఎవరు చెప్పినారే నీకు?"

"ఏంది అత్తమ్మా?"

"ఇది నాది. ఈడనే గీసినా. ఇదే నీలం, ఇదే వంకర. నీ మొగుడప్పుడు నా కడుపులో ఉండాడు. మీ మామ మర్నాడే సున్నం కొట్టిచ్చినాడు."

ముసలామె చాదస్తం అనుకుంది కృపారాణి. జీవమ్మ గరిటె తీసుకుని గోడను గీకింది. ఏళ్లనాటి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. లోపల నీలం! అదే చోట, అదే వంకర. కృపారాణి గరిటె లాక్కుని ఇంకా లోతుకు గీకింది. నీలం కింద మళ్లీ సున్నం. ఆ సున్నం కింద మళ్లీ నీలం.

"ఇదీ నీదేనా?"

జీవమ్మ వెనక్కి జరిగింది. "కాదే. నేను కాపురానికొచ్చేటప్పటికి గోడ తెల్లగా ఉండె. అప్పుడీ పొయ్యికాడ మా అత్త రాహేలమ్మే. ఆమె నోరెత్తి మాట్లాడంగా నేనెప్పుడూ వినలే."

ఇద్దరూ గోడకేసి చూస్తూ నిలబడిపోయారు. వసంతకుమార్ పాపను వెంటబెట్టుకుని ఎప్పుడొచ్చాడో కూడా గమనించలేదు.

"ఏందిది, గోడంతా ఖరాబు చేసినావు? రేపు పాస్టరయ్య ప్రార్థనకొస్తాడు. సున్నం కొట్టు."

కృపారాణి సున్నం బాల్చీ ఎత్తుకెళ్లి పెరట్లో గుమ్మరించి వచ్చింది.

"కొట్టను. ఇప్పుడు కొడితే, రేపు మన పాప అత్తారింట్లో యాడో ఒక గోడ మీద ఇదే గీస్తాది."