ఓటు లేని మనిషిని నమ్మాం

ఎర్నెస్టీన్ పడిపోయినప్పుడు నేను ఆమెకు ముగ్గురు మనుషుల అవతల నిలబడి కోడిరెక్కలు కోస్తున్నాను.

అమెరికాలోని అలబామాలో మా పెటిగ్రూ ఊరికి కోళ్ళ కంపెనీ ఒక్కటే దిక్కు. బయట ఎండ ఎంత కాసినా, ఎముకలు తీసే గదిలో ఏడాది పొడవునా చలే. పదకొండేళ్ళు ఆ చలిలో కత్తి పట్టి నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. తెగితే నొప్పి తెలియదు, రక్తం కనబడ్డాకే తెలుస్తుంది.

ఆ రోజు ఎర్నెస్టీన్ పొద్దుటినుంచీ రొమ్ము పట్టుకుంటూనే ఉంది. రెండుసార్లు చెయ్యెత్తింది. సూపర్వైజరు రాండల్ రెండుసార్లూ "బ్రేకులో వెళ్దువులే" అన్నాడు. మూడోసారి చెయ్యెత్తలేదు. కూలిపోయింది.

కోళ్ళను మోసుకొచ్చే గొలుసు లైను ఆగలేదు.

"చేతులాపకండి! నేను చూసుకుంటాను! ఎవరి పని వాళ్ళు చెయ్యండి!" అని రాండల్ అరిచాడు.

మేం ఆపలేదు. మీరు చదువుకుంటున్న పిల్లలు, ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నవాళ్ళు, మా సంగతి వినడానికి వచ్చారు. మీ దగ్గర దాచడం దేనికి? నా ముందుకు వచ్చిన రెక్కను నేను కోశాను. దాని తర్వాత వచ్చినదాన్ని కూడా కోశాను.

ఆపింది యులాలియా. గ్వాతెమాల దేశం నుంచి వచ్చిన పొట్టి మనిషి, నా భుజం దాకా కూడా రాదు. కత్తి పడేసి గోడ దగ్గరికి పరిగెత్తి, ఎర్ర బొత్తాన్ని అరచేత్తో కొట్టింది. గొలుసు కిరకిరలాడి ఆగిపోయింది. తర్వాత వచ్చి, తడి నేల మీద కూలబడి, ఎర్నెస్టీన్ తల ఒళ్ళో పెట్టుకుంది.

ఎర్నెస్టీన్ ఆస్పత్రి చేరకముందే పోయింది. గుండెజబ్బు అంది కంపెనీ. అనుమతి లేకుండా లైను ఆపినందుకు యులాలియాను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేసింది. సమాధిలో మట్టి వేసేటప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇంటికి వెళ్ళాక వస్తుందనుకున్నాను. ఇంటి దగ్గర కూడా రాలేదు.

పన్నెండు రోజుల తర్వాత, ఆదివారం, డెస్మండ్ ట్రావిక్ మా నల్లవాళ్ళ చర్చికి వచ్చాడు.

ట్రావిక్ నల్లవాడు, లాయరు, మాటకారి. రాష్ట్ర సెనేటుకు నిలబడ్డాడు. గెలిస్తే మా వైపునుంచి ఆ కుర్చీలో కూర్చునే తొలి నల్లమనిషి అతనే. అందుకని చర్చిలో నిలబడడానికి కూడా చోటు లేదు. రెండో బెంచీలో మాత్రం ఒక తెల్లమనిషి సుఖంగా కూర్చున్నాడు. మా ప్లాంటు మేనేజరు.

ట్రావిక్ బాగా మాట్లాడాడు. అబద్ధమెందుకు ఆడాలి?

"మా నాయనమ్మ ఓటు రాయించుకోడానికి ఈ జిల్లా కోర్టుకే వచ్చింది," అన్నాడు. "గుమాస్తా రాజ్యాంగం చేతికిచ్చి చదవమన్నాడు. గడగడా చదివేసింది. అప్పుడు పుస్తకం తలకిందులు చేసి చదవమన్నాడు. అదీ చదివింది! అయినా ఓటు ఇవ్వలేదు."

జనం "అవును తండ్రీ!" అని కేకలు వేశారు.

"ఈ దేశం మన రంగు చూసి గడియలు వేసుకుంది. మనకిచ్చిన మాటలన్నీ నీటిమీద రాతలే. తెల్లవాళ్ళలోనూ పేదవాళ్ళున్నారు, వాళ్ళ కడుపుమంట వాళ్ళకుంది, దాన్నీ నేను విన్నాను. ఇన్నిసార్లు మోసపోయినవాళ్ళని మళ్ళీ నమ్మమని అడగడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను. నన్ను నమ్మండి!"

నా ముందు కూర్చున్న ఆమోస్ తాత వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. కంపెనీలో లారీల మీంచి బోనులు దింపుతాడు. డెబ్బై దాటినా, చేతికి కర్ర వచ్చినా మానలేదు. పడుచుతనంలో ఓటు హక్కు అడిగినందుకు కోర్టు మెట్ల మీద పోలీసులు కొట్టిన దెబ్బకు కుడిచెవి పోయింది. ఎడమచెవి అటు తిప్పి ప్రతి మాటా వింటున్నాడు. అందరూ ఏడుస్తున్నారు. నాకేమీ అనిపించలేదు. ట్రావిక్ పెదవులు కదలడం చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు నా పక్కనున్న క్లాడెట్ లేచింది. ఎర్నెస్టీన్ చెల్లెలు. ఆమెదీ మా లైనే.

"బాబూ, ఒక్క మాట."

"చెప్పక్కా."

"మా అక్క లైను మీద పడి చచ్చిపోయింది. ఇంతసేపు మాట్లాడావు. అందులో మా అక్క పేరు లేదేం?"

ట్రావిక్ తల వంచాడు. "విచారణ జరుగుతోందక్కా. నా గుండె తరుక్కుపోతోంది."

"నీ గుండె సంగతి తర్వాత చూద్దాం. మా అక్కకోసం బొత్తాం కొట్టినదాన్ని పనిలోంచి తీసేశారు. మళ్ళీ పెట్టుకోమని ఆ రెండో బెంచీలో కూచున్నాయనకి చెప్పు. ఇక్కడే. ఇప్పుడే."

తలలన్నీ రెండో బెంచీ వైపు తిరిగాయి. మేనేజరు పాటల పుస్తకం తెరిచాడు.

"ఆవిడ సంగతి చిక్కుతో కూడుకున్నది," అన్నాడు ట్రావిక్ గొంతు తగ్గించి. "ఈ దేశంలో ఉండడానికి కాగితాలు లేవంటున్నారు. ఎన్నిక తొమ్మిది రోజుల్లో ఉంది. ఇప్పుడా మాటెత్తితే అవతలివాళ్ళు నన్ను దాంతోనే కొడతారు. నేను ఓడితే మనవాళ్ళంతా ఓడినట్టే కదక్కా. ముందు గెలవనివ్వండి."

"మనవాళ్ళంటే ఎవరు?" అంది క్లాడెట్. "రంగు గురించి నువ్వు చెప్పినవన్నీ నిజాలే. నేను పుట్టినప్పట్నుంచీ పడుతున్నవే. కానీ మా అక్క పడ్డప్పుడు ఆ గదిలో మన రంగువాళ్ళం అరవై మందిమి ఉన్నాం. అందరికీ ఓట్లున్నాయి. ఒక్కరం కదల్లేదు. కదిలింది ఓటు లేనిది. ఇప్పుడు చెప్పు, నేనెవర్ని నమ్మాలి?"

పాస్టరుగారు కంగారుగా పాట ఎత్తుకున్నారు.

భోజనాలు చర్చి వెనక హాల్లో పెట్టారు. ఆకుకూర, మొక్కజొన్న రొట్టె పళ్ళేల్లోనే చల్లారిపోయాయి. ఆమోస్ తాత కర్ర నేలకేసి కొట్టాడు.

"సిగ్గులేదా నీకు? తెల్లవాడి ముందు మన బిడ్డ పరువు తీస్తావా? ఆ కుర్చీలో మనోణ్ణి చూసి చద్దామని నలభై ఏళ్ళుగా బతుకుతున్నాను నేను!"

"చూద్దువుగాని తాతా. ఓటెయ్యి. నేనూ వేస్తానేమో. వచ్చేవారం మంగళవారం ఓటు ఆ రోజు సంగతి. నేనడిగేది రేపటి సంగతి. రేపు ఆరింటి షిఫ్టుకి ఎవరం లోపలికి పోవద్దు. యులాలియాని పనిలో పెట్టుకోవాలి. మనిషి పడిపోతే లైను ఆపే హక్కు ప్రతి మనిషికీ ఉండాలి. అప్పటిదాకా పోవద్దు."

"పోకపోతే ఏమౌతుంది?" అని వెనకనుంచి ఒకతను ఎగతాళి చేశాడు. "మధ్యాహ్నం షిఫ్టు గ్వాతెమాలవాళ్ళు ఎగురుకుంటూ లోపలికి పోతారు. మన పని లాక్కోడానికే గదా వచ్చింది వాళ్ళు!"

"లాక్కున్నది ఎవరి పని? నీదా? నువ్వింకా రోజూ పొద్దున్నే పనికి పోతూనే ఉన్నావు గదా మరి?"

"పోతున్నాను కాబట్టే అది ఊడుతుందని భయం!"

అందరూ ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు. కంపెనీ ఇళ్ళు ఖాళీ చేయిస్తుందని ఒకరు, పాత యూనియన్ ఎలా చచ్చిందో మరిచారా అని ఇంకొకరు. నేను మీటింగుల్లో నోరు తెరిచే మనిషిని కాను. ఎప్పుడు లేచానో నాకే తెలియదు.

"ఎర్నెస్టీన్ కింద పడి ఉంది. నేను రెక్కలు కోశాను," అన్నాను. "ఎన్ని కోశానో కూడా గుర్తుంది. పద్నాలుగు. నేను రేపు లోపలికి పోను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక చెయ్యి లేచింది. తర్వాత మరొకటి. ఎగతాళి చేసినతను తల గోక్కుంటూ చెయ్యెత్తాడు. ఆమోస్ తాత ఎత్తలేదు.

సోమవారం పొద్దున్న ఆరింటికి గేటు ముందు రెండువందల మందిమి నిలబడ్డాం. ఆమోస్ తాత కూడా వచ్చాడు, కాని కాస్త ఎడంగా నిలబడ్డాడు. కోళ్ళ లారీలు ఒకదాని వెనక ఒకటి రోడ్డు మలుపు దాకా ఆగిపోయాయి. దింపేవాళ్ళు లేరు. మేనేజరు నాలుగుసార్లు బయటికొచ్చి నాలుగుసార్లు లోపలికి వెళ్ళాడు.

యులాలియాను రావద్దని క్లాడెట్ మరీ మరీ చెప్పింది. పోలీసులుంటారు, పట్టుకుంటే దేశం దాటిస్తారని. అయినా వచ్చింది. "నా గురించి నిలబడ్డారు. నేను ఇంట్లో ఎలా?" అంది వచ్చీరాని మాటల్లో. ఆడవాళ్ళం చుట్టూ మూగి, మా మధ్యలో పెట్టుకున్నాం.

జిల్లా పోలీసు పెద్ద షెరీఫ్ మనుషులు మూడు కార్లలో దిగారు. ఒకడు వేలు చూపించాడు. "ఆ పొట్టిదాన్ని బయటికి పంపండి. మీ జోలికి రాం."

ఎవరం కదల్లేదు.

పది గంటలకు ట్రావిక్ వచ్చాడు. వెనకే టీవీవాళ్ళు. "దయచేసి ఇళ్ళకి వెళ్ళండి! ఎనిమిది రోజులు ఓపిక పట్టండి! నేను మాటిస్తున్నాను!"

ఆమోస్ తాత కర్ర పోటు వేసుకుంటూ అతని ఎదుటికి నడిచాడు.

"నాయనా, నిన్న నువ్వు నమ్మకం అడిగావు. నేను ఏడ్చాను కూడా. ఇవాళ నేనడుగుతున్నా. అదిగో, ఆ పోలీసులకీ ఈ ఆడవాళ్ళకీ మధ్య వచ్చి నిలబడు. ఉపన్యాసం వద్దు. ఊరికే నిలబడు."

ట్రావిక్ ముఖంలో నిజంగానే బాధ కనబడింది. ఒక అడుగు ముందుకు వేశాడు. కెమెరా తన వైపు తిరగడం చూశాడు. గేటు లోపల ఉన్న మేనేజరును చూశాడు. "నన్ను అర్థం చేసుకో తాతా," అని తాత భుజం తట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు.

తాత కారు లేపిన దుమ్ము వంక చూశాడు. తర్వాత వచ్చి, ట్రావిక్‌ను నిలబడమన్న చోట తానే నిలబడ్డాడు.

పోలీసులు ముందు ఆయన చేతులే వెనక్కి విరిచారు. తర్వాత క్లాడెట్ చేతులు. "మోజెల్, మనవాళ్ళని చెదరనివ్వకు!" అని ఆమె పోలీసు కారులోంచి నన్ను కేకేసింది. అంతవరకూ నాకు ఎవరూ ఏ పనీ అప్పజెప్పలేదు. క్లాడెట్ నిలబడిన చోటికి వెళ్ళి నిలబడ్డాను. గుండె దడదడలాడలేదు, కోపం కూడా రాలేదు. కాళ్ళు మాత్రం అక్కణ్ణుంచి కదలనన్నాయి. పోలీసులు మమ్మల్ని దాటి యులాలియా దాకా రాలేకపోయారు.

మూడు గంటలకు మధ్యాహ్నం షిఫ్టు వచ్చింది. పాత వ్యానుల్లోంచి గ్వాతెమాలవాళ్ళు దిగారు. నూటయాభై మంది ఉంటారు. మేనేజరు గేటు బార్లా తెరిచి "రండి, రండి!" అని చేతులూపాడు. వాళ్ళు మమ్మల్ని చూశారు. ఆడవాళ్ళ మధ్య యులాలియాను చూశారు. ఆమె వాళ్ళ భాషలో ఒక్క మాట అంది. ఆ మాట ఏమిటో నేను ఇప్పటికీ అడగలేదు.

ముందున్న ముసలతను టోపీ తీసి, తెరిచిన గేటులోకి పోకుండా, నేరుగా మా వైపు నడిచి వచ్చాడు. అతని వెనక మిగతావాళ్ళు.

నేను కాస్త పక్కకు జరిగి, అతనికి చోటిచ్చాను.