పీలకొమ్మ కోసిన కత్తి

నేను ఒక అంటుకత్తిని. పాత లారీ కమాను ముక్కను ప్రొద్దుటూరు కమ్మరి ఒకడు కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. నా పిడి చింతకర్ర. దాని చివర ఎద్దుకొమ్ము తునక ఉంది, చెట్టు బెరడును చిరగకుండా లేపడానికి.

నన్ను చేయించుకున్నది కొండారెడ్డి. ఇంటి పెరట్లోనే అంట్లు కట్టి చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెంచిన మనిషి. పుల్లటి జంబేరి నిమ్మ మొక్క కాండం మీద గాటు పెట్టి, తీపి చీనీ కొమ్మ నుంచి గీసిన చిగురు కన్నును అందులో దోపి, పేలికతో కట్టేవాడు. వేరు జంబేరిది, పండు చీనీది. పెద్దాయనకు ఒకటే నియమం: నాతో పండు కోయకూడదు. పులుపు తగిలితే అంచు తుప్పు పట్టి చెడుతుంది.

ఆ విద్య కొడుకు బయపురెడ్డికి అబ్బలేదు, కూతురు ఓబులమ్మకు అబ్బింది. తోటలో సగం చెట్లు ఆమె చేతివే. పంపకాలప్పుడు పెద్దాయన తోట కొడుక్కి రాశాడు, కూతురికి నన్నిచ్చాడు. ఇద్దరికీ సమంగా పంచానన్న తృప్తితో కన్నుమూశాడు. అలాంటి తృప్తి మనుషులకే చేతనవుతుంది.

తర్వాత బోర్లు ఎండాయి, తోట పోయింది. బావి పక్కన ఒక్క చెట్టు మిగిలింది. పల్చటి తోలు, తేనెలాంటి రసం. గుండెజబ్బుతో మంచం పట్టిన బయపురెడ్డి చివరి రోజుల్లో ఆ రసం తప్ప ఏదీ మింగలేదు. అతను పోయిన ఏడాదికే, రోడ్డు వెడల్పు చేసేవాళ్లు వచ్చి ఆ చెట్టుకు ఎర్రరంగు పూశారు.

అతని భార్య నాగవేణి ఒక కొమ్మను తడిగుడ్డలో చుట్టుకుని ఆడబిడ్డ ఓబులమ్మ ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"వదినా, పెద్దల పండక్కు ఆయన ముందర ఈ పండే పెట్టాల. దీన్ని మా పెరట్లో బతికించు. నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లెందుకు మే? జంబేరి మొక్క ఉండాదా?"

కొమ్మకు మూడు కళ్లున్నాయి. నాగవేణి పెరట్లోని జంబేరి మొక్కకు ఓబులమ్మ మూడూ కట్టింది. ఆ రోజు ఆమె చేయి నిజాయితీగానే నడిచింది, నేను సాక్షిని. రెండు మాడిపోయాయి, ఒకటి పట్టింది. ఈలోగా బావి పక్క చెట్టును కొట్టేశారు. ఇక ఆ జాతి మొత్తం గోరంత కన్నులో ఉంది.

పచ్చటి మొలక చూసి నాగవేణి చప్పట్లు కొట్టింది. "వదినా, మా తోట మళ్లా పుట్టింది!"

మా తోట. నా పిడి మీద ఓబులమ్మ వేళ్లు బిగిశాయి.

కొన్నాళ్లకు కట్టు కింద నుంచి జంబేరి కొమ్మ తన్నుకొచ్చింది. అలాంటిదాన్ని వచ్చింది వచ్చినట్టు గిల్లేయాలి. లేకపోతే పైనున్న చీనీకి తిండి దక్కదు. పరికిణీ కట్టే వయసు నుంచీ ఓబులమ్మకు తెలిసిన సంగతే ఇది. నాగవేణికి తెలియదు.

"రెండు కొమ్మలొచ్చినాయి వదినా. ఏది ఉంచాల?"

"ఏది బలంగా ఉండాది?"

"కిందది."

"మరింకేం? పైన పీలది దీని తిండి తింటాంది. కోసెయ్." రొండిన దోపుకున్న నన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది. "నువ్వే కోయి. నీ మొగుని చెట్టు గదా."

నాకు నోరు లేదు, పదునే ఉంది. కోశాను.

"ఇట్లియ్యి, మేకకేస్తా," అని ఓబులమ్మ ఆ కొమ్మను కొంగులో వేసుకుంది. మేక దాని మొహం కూడా చూడలేదు. ఆ సాయంత్రమే ఓబులమ్మ పెరట్లోని జంబేరి మొక్క మీద నాకు మళ్లీ గాటు పెట్టే పని పడింది.

నాగవేణి కడిగిన బియ్యపు నీళ్లు పోసి, పిల్లను సాకినట్టు ఏళ్లపాటు ఆ జంబేరిని సాకింది. తొలి కాయను మొగుడి ఫొటో ముందు పెట్టి, తర్వాత ఒక తొన నోట్లో వేసుకుంది. మొహం వంకర్లు పోయింది.

"పుల్లంగా ఉండాది వదినా. నేనేం తప్పు చేసినా?" అంటూ ఏడుస్తూ వచ్చింది.

ఓబులమ్మ ఆమెను తన పెరట్లో కూర్చోబెట్టింది. చెట్టు నుంచి ఒక పండు తెంపింది. తండ్రి నియమం తప్పి, నాతోనే కోసి ఒక ముక్క ఇచ్చింది. నాగవేణి దవడలు ఆగిపోయాయి.

"ఇది ఆయన చెట్టు."

"మా నాయన చెట్టు. నువ్వు వద్దని కోసేసింటివి గదా."

"ఒక్క కొమ్మ ఇయ్యి వదినా. ఇంగేమీ అడగను."

ఓబులమ్మ నన్ను తుడవకుండానే చూరులో దోపింది. "కత్తి తుప్పు పట్టింది మే."

అప్పటికి పట్టలేదు. రసం ఆరాక పట్టింది. అప్పట్నుంచీ ఏటా పెద్దల పండక్కు నాగవేణి వచ్చేది. ఓబులమ్మ ఆమెను గడప బయటే నిలబెట్టి, నోరు తెరిచి అడిగించుకుని, ఒక్క పండు ఇచ్చేది.

ఇప్పుడు ఓబులమ్మ కళ్లకు శుక్లాలు. మొన్న పండు ఇస్తూ అడిగింది: "నాకు కంటికి ఆనడంల్యా. చెట్టు ఎట్లుండాది మే?"

నాగవేణి వంగి చూసింది. పాత కట్టు మచ్చ కింద జంబేరి కొమ్మలు, ముళ్లతో, నిగనిగలాడుతూ. పైన చీనీ కొమ్మలు ఆకు రాలుస్తున్నాయి. ఆ నిగనిగను ఏళ్ల తరబడి సాకిన మనిషి ఆమె. చేతిలోని పండును ఒకసారి చూసుకుంది.

"కింద కొమ్మలు బలంగా ఉండాయి వదినా. వాటిని ముట్టనియ్యాకు."

"పైనవి?"

"పీలవి. కోయించెయ్."

"పర్వాల్యా, పని నేర్చినావే!"

"నీ కాడే నేర్చుకుంటి."

నిన్న కూలీ వచ్చాడు. చూరులోంచి నన్ను లాగి, బొటనవేలితో అంచు తడిమి, చెట్టు మొదట్లోకి విసిరేశాడు. తన రంపం తీసి పైకొమ్మలన్నీ కోశాడు. అవి నా మీదే పడ్డాయి. ఒక్కో కొమ్మకు మూడేసి, నాలుగేసి కళ్లు. అంటు కట్టడానికి రెండు రోజులు పచ్చిగానే ఉంటాయి. నాకే పదును లేదు.