నొప్పి లేని చేయి

ఒక చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండా ఆమె మంచం అంచున కూర్చుని ఉంది. రెండో చెప్పు ఎక్కడికీ పోలేదు, కాలి ముందే ఉంది. పాదం ఎత్తి అందులో పెట్టాలి, అంతే. ఆ 'అంతే' ఈ మధ్య ఆమెకు కొండంత పని అయి కూర్చుంది. ఆస్పత్రి లాండ్రీలో ఆమెతో పనిచేసేవాళ్లు ఆమెను నిదానమ్మ అనడం మొదలుపెట్టింది ఇందుకే. ఒకప్పుడు ఆమె చేయి ఎంత చురుకో ఆ నోళ్లే చెప్పుకునేవి. ఆ సంగతి అందరూ మరిచిపోయారు, పేరు మాత్రం అతుక్కుపోయింది.

గోడ అవతలి గదిలో తోటికోడలు నవ్వుతోంది. కాలు విరిగిన మనిషికి పొద్దున్నే అంత నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో నిదానమ్మకు అంతుపట్టదు. అన్నదమ్ములిద్దరి కాపురాలూ ఒకే ఇంట్లో, వంట ఒక్కటే, గదులు మాత్రం వేరు. ఆ మధ్య తోటికోడలు మెట్ల మీద జారి పడింది. మోకాలి నుంచి మడమ దాకా సిమెంటు కట్టు వేశారు. ఇక అప్పటి నుంచి ఇల్లంతా ఆ కాలి చుట్టే తిరుగుతోంది. పుట్టి బుద్ధెరిగాక వంటింటి మొహం చూడని బావగారు ఇప్పుడు ఫ్లాస్కు నిండా టీ కాచి మంచం పక్కన పెడుతున్నారు. పై వాటావాళ్లు బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకొస్తున్నారు. వాళ్ల పిల్లలైతే కట్టు మీద రంగు పెన్నులతో పూలు, ఒక పిల్లి, మీసాలున్న సూర్యుడు వేసి వెళ్లారు. వచ్చిన ప్రతివాళ్లూ ఆ కట్టును ఒకసారి తట్టి, నొప్పి ఎలా ఉందని అడిగి, కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

నిదానమ్మకు ఆ కట్టు మీద కుళ్లు. వేరే మాటతో కప్పిపుచ్చి లాభం లేదు. తోటికోడలి నగలు చూసి గానీ, చీకూచింతా లేని ఆమె మనసు చూసి గానీ ఏనాడూ ఏడవని మనిషి ఇప్పుడు ఆమె విరిగిన కాలు చూసి ఏడుస్తోంది. ఆఖరికి హాస్టల్లో చదువుకుంటున్న సొంత కూతురు కూడా, ఫోను ఎత్తగానే అడిగేది పెద్దమ్మ కాలెలా ఉందని. బాగానే ఉందని చెప్పి ఫోను పెట్టేశాక నిదానమ్మ తన రెండు కాళ్లకేసీ చూసుకుంటుంది. రాయిలా ఉంటాయి, ఏ లోపమూ లేకుండా.

కళ్లు తెరిచేసరికి గుండెల మీద ఎవరో తడి దుప్పట్ల మూట దించిపోయినట్టుంటుంది ఆమెకు. ఆకలి తెలియదు, నిద్ర పట్టదు. ఏడుపు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంటుంది. భర్త గోడలకు రంగులు వేసే పనివాడు, చెడ్డవాడేం కాదు. ఒంట్లో బాగుండటం లేదంటే ఒక పూట పని మానుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. రక్తం తీశారు, గుండె చూశారు, అన్నీ సవ్యంగానే ఉన్నాయన్నారు. ఆ మాటకు అతని మొహం చేటంతయింది. "విన్నావా, నీకేం లేదు" అని దారిలో ఐస్‌క్రీం కూడా కొనిచ్చాడు. అది కరిగి మణికట్టు మీదుగా కారుతుంటే, ఏదో ఒకటి ఉండకూడదా, ఒక చిన్న ఎముకైనా విరిగి ఉండకూడదా అని ఆమె అనుకుంది. నీకేం లేదన్న మాట ఆ రోజు నుంచి ఆమె నోటికి తాళం వేసింది. ఏమీ లేనిదాని గురించి ఎవరికి ఏమని చెప్పుకుంటుంది?

చివరికి రెండో చెప్పు కాలికెక్కింది. తోటికోడలి గది ముందు నుంచి పోతుంటే లోపలి నుంచి కేక వచ్చింది, ఏమైనా తిని వెళ్లమని. తిన్నానని అబద్ధం చెప్పి నిదానమ్మ వీధిలో పడింది.

లాండ్రీ ఆస్పత్రి అడుగు అంతస్తులో ఉంటుంది. అక్కడ ఎండా వానా తెలియవు, ఆవిరి ఒక్కటే తెలుస్తుంది. గిర్రున తిరిగే యంత్రాల హోరుకు మాటలు పైకెత్తి చెప్పాలి, సబ్బునీళ్ల వాసన జుట్టుకు పట్టి ఇంటిదాకా వస్తుంది. దుప్పటి మడతపెట్టడం ఇద్దరి పని. చెరో కొసా పట్టుకుని, ఒకసారి గట్టిగా దులిపి, ముడతలు పోయేలా ఎదురెదురుగా లాగి, ఒకరు నిలబడితే ఒకరు నడిచి వచ్చి అంచులు కలుపుతారు. నిదానమ్మకు జోడీగా ఉండే ఆమెను అందరూ రేడియో అంటారు. యంత్రాలు ఆగినా ఆమె ఆగదు. ఆ పొద్దున రేడియో తన కూతురి పెళ్లిచూపుల కబుర్లు చెబుతూ దులిపిన మొదటి దుప్పటికే నిదానమ్మ చేతిలోంచి కొస జారిపోయింది. రెండోదీ అంతే. మూడోసారి సూపర్‌వైజరు చూడనే చూశాడు. దుప్పట్లు వదిలేసి మూలకు పోయి బ్యాండేజీలు చుట్టమన్నాడు. తిట్టలేదు, కానీ విసుగు దాచుకోలేదు కూడా.

బెణికిన చోట బిగించి కట్టే సాగే బ్యాండేజీలవి. ఉతికి ఆరాక చిక్కులు తీసి, చుట్టలు చుట్టి, పైన చిన్న క్లిప్పు పెట్టి పంపాలి. నిదానమ్మ స్టూలు మీద కూర్చుని చుట్టసాగింది. చేతులు వాటంతటవే పోతున్నాయి, మనసు ఎక్కడా లేదు. ఒక బ్యాండేజీ కొసను చిక్కు తీయడానికి ఎడమ మణికట్టు మీద వేసుకుంది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. మెత్తగా, ఎవరో చేయి పట్టుకున్నట్టు ఉంది. బొటనవేలి మీదుగా తిప్పి, మళ్లీ మణికట్టు మీదకు తెచ్చి, క్లిప్పు కూడా పెట్టేసింది. ఎలా ఉందో ఒకసారి చూసుకుని విప్పేద్దామనే అనుకుంది.

ఈలోపు రేడియో రానే వచ్చింది. అయ్యో, చేతికేమైందని అడిగింది.

ఏం లేదు అనాలి. ఆ మాట ఆమెకు బాగా అలవాటైన మాటే. కానీ నోరు ఇంకోటి అంది.

"బెణికింది."

ఇక చూడాలి ఆ వైభోగం. రేడియో అంత గొంతూ తగ్గించి, ఎలా బెణికిందో, ఎప్పటి నుంచో అడిగింది. ఇందాక దుప్పటి కొసలు జారిపోయింది ఇందుకేనా, చెప్పొద్దా అని తనే నొచ్చుకుంది. ఇస్త్రీ దగ్గరి ఇద్దరు వచ్చి చూశారు. సూపర్‌వైజరు తన కుర్చీ పంపించి, ఈ పూటకు తోపుడుబండి జోలికి పోవద్దన్నాడు. మధ్యాహ్నం డబ్బా మూత రేడియోనే తీసి ముందు పెట్టింది. నిదానమ్మ తింటూ తింటూ ఒక్కసారి ఆగింది. రుచి తెలుస్తోంది. ఎన్నాళ్ల తర్వాతో ఆ రోజు డబ్బా ఖాళీ అయింది. ఆ పూటంతా ఎవరూ ఆమెను నిదానమ్మ అనలేదు కూడా. చేయి బాగాలేని మనిషి నెమ్మదిగా పనిచేయక ఏం చేస్తుంది?

సాయంత్రం బస్సులో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కట్టు చూసి లేచి సీటిచ్చాడు. కిటికీ పక్కన కూర్చున్నాక ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆస్పత్రి సొమ్ము చేతికి చుట్టుకుని, లేని నొప్పి చూపించి, అందరి జాలీ దొంగిలించినట్టనిపించింది. విప్పేయాలని క్లిప్పు మీద వేలు పెట్టింది. విప్పలేదు. విప్పితే మళ్లీ ఏమీ లేని మనిషి అయిపోతుంది.

ఇంట్లో తోటికోడలు ఒక్కతే ఉంది. బావగారు మందుల కోసం వెళ్లారు, భర్త ఇంకా రాలేదు. చప్పుడు కాకుండా తన గదిలోకి పోదామనుకుంది గాని, ఆ చెవుల నుంచి తప్పించుకోవడం ఎవరి తరం? రమ్మని పిలుపు వచ్చింది. తోటికోడలు దిండ్లకు ఆనుకుని, కాలు బారజాపి, ఒళ్లో కమలాపండు పెట్టుకుని తొక్క తీస్తోంది. ఎవరో ఇచ్చి వెళ్లారట, సగం నీకు అంటూ తల ఎత్తి కట్టు చూసింది. పండు స్టూలు మీద పెట్టి చేయి చాచింది. నిదానమ్మ కుర్చీలో కూర్చుని చేయి అందించింది.

"బెణికిందక్కా."

తోటికోడలు బొటనవేలితో మణికట్టు మీద నొక్కింది. నొప్పా అంది. నిదానమ్మ అవునంది. ఇంకో పక్క నొక్కి ఇక్కడో అంది. అక్కడా అవునంది. మోచేతి దగ్గర నొక్కితే అక్కడా అవునంది. తోటికోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వుకు నిదానమ్మ ఒళ్లు మండిపోయింది. చేయి లాక్కోబోయింది, కానీ ఆమె వదల్లేదు.

"నొప్పి ఉన్నచోట ముట్టుకోబోతే చేయి దానంతటదే వెనక్కి పోతుందే పిచ్చిదానా. ఇన్నాళ్లుగా నాకు ఇదే కదా పని. నువ్వేమో పుష్పగుచ్ఛం ఇచ్చినట్టు ఇచ్చావు."

నిదానమ్మ తల దించుకుంది. తోటికోడలు నవ్వు ఆపేసింది. గోడ పల్చన, నాకన్నీ వినపడతాయి అంది. మంచం కిర్రుమనడం, ఆ తర్వాత ఎంతసేపటికీ అడుగుల చప్పుడు లేకపోవడం. మొదట్లో తనకు పట్టలేదట. మంచాన పడ్డాక వినడం తప్ప వేరే పని లేక, అప్పుడు తెలిసిందట.

"చెల్లీ, నొప్పి ఎక్కడే నీకు?"

ఇన్ని నెలలూ ఎవరో ఒకరు అడగాలని ఎదురుచూసిన మాట అది. తీరా అడిగింది ఎవరంటే, తను ఎవరిని చూసి కళ్లలో నిప్పులు పోసుకుందో ఆ మనిషే. చెప్పబోతే మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఎప్పుడూ చేసే పని ఒకటే గుర్తొచ్చింది.

"టీ పెట్టుకొస్తానక్కా. వచ్చి చెప్తాను."

"పెట్టుకురా. ఈ కాలేసుకుని నేనెక్కడికి పోతాను?"

వంటింట్లో నీళ్లు కాగుతుంటే ఆమె మాటలు కూడదీసుకుంది. ముందు నిద్ర సంగతి చెప్పాలి. తర్వాత డాక్టరు సంగతి. ఆ తర్వాత నీ కాలు చూసి ఏడ్చానక్కా అని కూడా చెప్పాలి, ఆమె తప్పకుండా నవ్వుతుంది. గుండెల మీది మూటను ఎవరో ఒక పక్క కాస్త ఎత్తి పట్టుకున్నట్టుంది. పంచదార ఒక చెంచా ఎక్కువే వేసింది. లోపల తోటికోడలు రెండుసార్లు దగ్గినట్టు వినిపించింది.

రెండు గ్లాసులతో వచ్చేసరికి ఆమె దిండు మీదికి తల వాల్చి ఉంది. కళ్లు మూసుకుని, ఒక చేయి ఛాతీ మీద పెట్టుకుని. అప్పుడే నిద్రపోయిందే అనుకుంది నిదానమ్మ, ఆ నిద్ర మీద కూడా ఆమెకు కుళ్లు పుట్టింది. మాట అడిగి జవాబు వినకుండా అంత హాయిగా ఎలా పడుకోగలదు మనిషి? లేపడం ఇష్టం లేక కుర్చీలో కూర్చుంది. తన టీ తాగింది. రెండో గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. చల్లారిపోతోందని చెప్పడానికి చేయి తట్టింది. ఆ చేయి వెనక్కీ పోలేదు, ముందుకీ రాలేదు.

కాలి నరంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎక్కిందని, క్షణాల్లో అయిపోయి ఉంటుందని తర్వాత డాక్టరు చెప్పాడు.

చీకటి పడేసరికి ఇల్లు నిండిపోయింది, తోటికోడలిని ముందు గదిలో పడుకోబెట్టారు. నిదానమ్మ ఏడ్చింది. గొంతులో ఇన్నాళ్లూ కూర్చున్నదంతా తెగి బయటికి వచ్చింది, ఆపడం ఆమె వశం కాలేదు. పై వాటా ఆవిడ ఆమెను పొదివి పట్టుకుని, తోటికోడళ్లంటే ఇలా ఉండాలని పక్కవాళ్లతో అంది. ఆ ఏడుపులో సగం ఎవరి కోసమో ఆవిడకేం తెలుసు? ఇంకెవరో, పోనీలే, ఆమెకు ఇక ఏ నొప్పీ లేదు అన్నారు. ఆ మాట వినగానే ఒక్క క్షణం నిదానమ్మకు ఆమె మీద మళ్లీ కుళ్లు పుట్టింది. వెంటనే ఆ కుళ్లుకు తనే భయపడి లేచి, అందరినీ దాటుకుని, ఖాళీగా ఉన్న తోటికోడలి గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది.

భర్త వెతుక్కుంటూ వచ్చాడు. బట్టల మీద రంగు మరకలు అలాగే ఉన్నాయి. ఆమె మణికట్టు కేసి చూసి, చేతికేమైందని అడిగాడు.

"చేతికేం కాలేదు." ఆమె క్లిప్పు తీసి కట్టు విప్పసాగింది. "అక్క అడిగింది, నొప్పి ఎక్కడని."

"నువ్వేం చెప్పావు?"

"టీ పెట్టడానికి వెళ్లాను."

అతనికి అర్థం కాలేదు. బయటి నుంచి ఎవరో పిలిచారు, అన్నయ్య దగ్గర తమ్ముడు లేకపోతే ఎలా అని. ఉండు, వచ్చాక విందామని అతను కదలబోయాడు. నిదానమ్మ అతని చొక్కా అంచు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే అతను తూలి నిలదొక్కుకున్నాడు.

"వచ్చాక కాదు. ఇప్పుడే చెప్తాను."

బయట మళ్లీ పిలిచారు. అతను తలుపు వైపు చూశాడు, ఆమె వేళ్ల వైపు చూశాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి వచ్చి, ఆమె ఎదురుగా మంచం అంచున కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా స్టూలు మీద, విప్పిన తొక్కలో, నారలన్నీ తీసి శుభ్రంగా పెట్టిన సగం కమలాపండు మెల్లగా వడిలిపోతోంది.