అత్తగారి నడుము, అల్లుడి షాకులు

వెల్డరు అల్లుడి బండి ఎక్కాలంటే అత్తగారికి గుండెల్లో రాయి పడేది. పేరుకు పికప్పు, పని చూస్తే రోకలి. టన్ను ఇనుము మోయడానికి పుట్టిన ఆ బండిలో, నడుముకు ఆపరేషనైన మనిషిని వారం వారం ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాడు మహానుభావుడు. అక్కడ వాళ్ళు సరిచేసిన నడుమును ఇంటికొచ్చేలోపు మళ్ళీ పాడుచేసి దింపుతున్నాడు.

"ఏమయ్యా అల్లుడూ, రోడ్డు మీద గుంతలన్నీ నీకు చుట్టాలా? ఒక్కదాన్నీ పలకరించకుండా పోవు," అందావిడ ఓ రోజు. వెల్డరు పగలబడి నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. "ఇక నావల్ల కాదు. ఆదివారం నన్ను పెద్దమ్మాయి ఇంట్లో దింపెయ్యి. వాళ్ళకు కారుంది. అక్కడే ఉండిపోతా."

వెల్డరు మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. అత్తగారు వెళ్ళిపోతానంటే ఎగిరి గంతేసే అల్లుళ్ళు ఊరినిండా ఉంటారు. మనవాడికి మాత్రం ఆవిడంటే ప్రాణం. పొద్దున్నే ఆవిడ చేత నాలుగు చీవాట్లు తినకపోతే టీ కూడా సయించదు. పైగా పెద్దల్లుడి మాటెత్తితేనే ఒళ్ళు మండుతుంది. ఆ పెద్దమనిషి కారెక్కాలంటే ముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి.

కుదుపులు ఆపే షాక్ అబ్జార్బర్లు మార్చి పారేద్దామని విడిభాగాల దుకాణానికి పరుగెత్తాడు. దుకాణంవాడికి సరుకు కన్నా వాగుడెక్కువ. ఎర్రవి, పసుపువి, వెండిరంగువి బల్లంతా పరిచాడు.

"ఇవి ఎడారి పందేలకు పనికొచ్చేవన్నా. బండిని కొండ మీంచి దూకించినా చెక్కుచెదరవు."

"మా అత్తయ్యని కొండ మీంచి దూకించే ఉద్దేశం లేదు."

"అయితే ఇవి చూడు. ఎంత లోడేసినా ఉక్కుముక్కే."

వెల్డరు కళ్ళు మెరిశాయి. వాడికి లోకంలో తెలిసిన సూత్రం ఒక్కటే, ఎంత గట్టిదైతే అంత మంచిది. గేటైనా, గ్రిల్లైనా, అత్తగారి సుఖమైనా సరే.

"ఇవే కట్టు. పెద్దావిడ కోసం కదా, ఉన్నవాటిలో గట్టివి ఉండాలి."

దుకాణంవాడి చెయ్యి ఆగింది. "పెద్దావిడ ఎక్కేటప్పుడు వెనక ఏం లోడుంటుంది?"

"లోడా! ఛ, ఛ. జనరేటరూ పైపులూ అన్నీ దించేసి, బండి కడిగి మరీ తీసుకెళ్తా. మర్యాద ఉండొద్దూ?"

దుకాణంవాడు తల పట్టుకున్నాడు. "నీ మర్యాద తగలెయ్య! ఆవిడ నడుం విరగ్గొడుతోంది అదేనయ్యా. బండి కింద ఆ స్ప్రింగు పట్టీలు టన్ను మోయడానికి చేసినవి. మీద బరువుంటేనే వంగుతాయి. ఖాళీగా ఉంటే గుంత గుంతకీ ఎగిరి తంతాయి. దానికి తోడు ఈ షాకులు కూడా వేశావంటే ఆవిడ తల టాపుకి కొట్టుకుంటుంది."

వెల్డరుకి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ చెమటలు కక్కుతూ జనరేటరు దించింది ఆవిణ్ణి ఎగరెయ్యడానికా! చివరికి, బిగుతు మార్చుకునేందుకు మర ఉన్నవి కొన్నాడు. లోడు తక్కువైతే మెత్తగా, ఎక్కువైతే గట్టిగా తిప్పుకోవచ్చు. టైర్లలో అదనంగా కొట్టించిన గాలి కూడా కాస్త తీయించాడు.

ఆదివారం అత్తగారు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈసారి వెనక జనరేటరు దించలేదు. మర్యాద తగ్గితే తగ్గిందిలే అనుకుని, టన్నులో అదొక్కటీ ఏ మూలకని మరను మెత్తగా తిప్పి బయల్దేరాడు.

మొదటి గుంత వచ్చింది. బండి బుద్ధిగా దిగి, బుద్ధిగా లేచింది. రెండోదీ అంతే. పక్కనుంచి ఒక్క తిట్టూ రాకపోయేసరికి మనవాడికి భయమేసింది. తిరిగి చూస్తే ఆవిడ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. ఈ బండిలో ఆవిడ కునుకు తీయడం ఎప్పుడైనా ఉందా?

పెద్దల్లుడి వీధి మలుపు వచ్చింది. వెల్డరు బ్రేకు మీద కాలేశాడు. లేపాలి. లేపితే దిగిపోతుంది. దిగితే మళ్ళీ రాదు. కాలు తీసేసి తిన్నగా పోనిచ్చాడు. అవతలి రోడ్డంట చుట్టు తిరిగొచ్చి, తన ఇంటి ముందే ఆపాడు.

"అత్తయ్యా," అన్నాడు దొంగలా. "మీరు హాయిగా నిద్రపోతుంటే లేపబుద్ధి కాలేదు."

అత్తగారు కళ్ళు తెరిచి, సంచీ తీసి వాడి ఒళ్ళో పడేసింది.

"నిద్రెవరు పోయారయ్యా? ఎక్కడ ఆ మలుపు తిప్పుతావోనని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నా."