కడియాలు తీసిన చోటు

మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ రేవు గోదాముల్లో ముప్పై ఏళ్లు ఫోర్క్‌లిఫ్ట్ నడిపి రిటైరైన పెద్దయ్యకి ఒకటే పిచ్చి. మట్టి కింద ఇనుమున్నా ఇత్తడున్నా కూతపెట్టే డిటెక్టరు కొనుక్కుని, ఆదివారం వస్తే చాలు, తాత రబ్బరు పాలు తీసిన పాత ఎస్టేటుకి పోయేవాడు. మూడేళ్లలో నాణేలు, నంబర్లు కొట్టిన కూలీ బిళ్లలు, నగల ముక్కలు చాలానే ఏరాడు. చింతపండుతో తోమి అద్దాల బీరువాలో పెట్టి, వచ్చినవాళ్లందరికీ మనోళ్లవని చూపించేవాడు.

తెలుగు సంఘం మీటింగులో ఒకసారి షామిని అనే అమ్మాయి అతన్ని ఆపబోయింది. యూనివర్సిటీ తరఫున పురావస్తు తవ్వకాలు చేసే పిల్ల. అలా పీకేస్తే చరిత్ర పోతుందంది. చదువుకున్నోళ్లకేనా తాతలుండేదని పెద్దయ్య అందరి ముందూ ఆమె నోరు మూయించాడు. జనం చప్పట్లు కొట్టారు.

మరుసటేడు ఎస్టేటుని ఇళ్ల కంపెనీ కొన్నది. చెట్ల వెనక మిట్ట మీదే కూలీలని పూడ్చేవారని పెద్దవాళ్లు చెప్పేవారు గానీ, అక్కడ రాయీ లేదు, కాగితమూ లేదు. శ్మశానమని రుజువు చూపిస్తే మిట్టని వదిలేస్తామన్నారు కంపెనీ ఆఫీసువాళ్లు. సంఘం వెళ్లి షామినినే బతిమాలుకుంది. రెండు వారాలు తవ్వినా ఆమెకి ఎవరో తవ్వి కలిపేసిన మట్టీ, పాత గుంటలూ తప్ప ఏమీ దొరకలేదు.

చివరికి పెద్దయ్య ఇంటికొచ్చింది. అతను సంబరంగా బీరువా తెరిచాడు. ఆమె ఒక్కో వస్తువూ ఎక్కడ, ఎంత లోతులో దొరికిందని అడిగింది. అవేవీ అతను రాసిపెట్టుకోలేదు. రెండు ఇత్తడి కడియాలు మాత్రం మిట్ట మీదవే అని గుర్తుంది.

"రెండూ పక్కపక్కనే ఉన్నాయా అంకుల్?"

"ఆఁ. మధ్యన జానెడు దూరం, అంతే. ఏటమ్మా?"

షామిని కడియాలు రెండూ బల్ల మీద జానెడు దూరంలో పెట్టింది. "ఆ మట్టిలో ఎముకలు మిగలవు, కరిగిపోతాయి. ఇత్తడే మిగుల్తాది. అవి కాళ్లకున్నాయి అంకుల్."

ఎవరో ఆడమనిషి కాళ్ల నుంచి వాటిని లాగానని పెద్దయ్యకి ఇప్పుడు తెలిసింది. మిట్ట మీదే దొరికాయని ప్రమాణం చేసి చెప్తాను, రాసుకోమన్నాడు.

"మీ మాట రాస్తాను. వాళ్లు నమ్మరు. అవి ఉన్నచోటే ఉండుంటే రుజువుకి చాలేవి," అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

వాళ్లు నమ్మలేదు. నెల తిరక్కుండా యంత్రాలు దిగాయి. సంఘంవాళ్లు పెద్దయ్యకి ఫోన్ చెయ్యడం మానేశారు.

భార్య దేవుడమ్మ ఒకరోజు పూలు కొనుక్కుని, తనని అక్కడికి తీసుకెళ్లమంది. రేకుల కంచె సందులోంచి చూస్తే మిట్ట లేదు. కనుచూపు మేరా ఎర్రమట్టి చదునుగా ఉంది.

"ఏ పక్కన తీసినావు?" అందామె.

పెద్దయ్య చాలాసేపు చూశాడు. "తెల్దే," అన్నాడు.

దేవుడమ్మ పూలు కంచె మొదట్లో పెట్టి, బస్‌స్టాపు వైపు నడిచింది.