సాయిదుర్గ గొంతు

ఆ ఉదయం మా అత్తగారికీ, ఆడపడుచు సాయిదుర్గకీ శనగపిండి దగ్గర గొడవైంది. ముఖానికి రాసుకుందామని సాయిదుర్గ గులాబీ రేకుల పొడి కలిపి తెచ్చుకున్న పిండితో అత్తయ్య మిరపకాయ బజ్జీలు వేసేశారు.

"ఏటమ్మా ఇది! డబ్బా మీద నా పేరు రాసుంది, కనపడనేదా?"

"పేరు రాత్తే శనగపిండి శనగపిండి కాకండా పోద్దేటే? తిను, బాగున్నాయి."

"సెంటు వాసనేత్తన్నాయి! ఎవులు తింతారు?"

సాయిదుర్గను టైడా స్టేషన్లో షూటింగుకి తీసుకెళ్లడానికి వచ్చిన సినిమా డైరెక్టర్ రవిబాబు గుమ్మంలోనే ఆగిపోయాడు. నేనిచ్చిన బజ్జీ నముల్తున్నా, చెవి మాత్రం వంటింటి వైపే ఉంది.

సాయిదుర్గ చాలా ఏళ్లుగా సీరియళ్లలో నటిస్తోంది. అక్క, తోడికోడలు, ఇప్పుడు హీరోయిన్‌కి పిన్ని. తెర మీద ముఖం ఆమెది, మాట ఇంకొకావిడది. మీ యాస పనికిరాదని మొదటి రోజే చెప్పేశారట. ఒక్కసారైనా తన గొంతు తెర మీద వినాలని ఆమెకి ఎంత కోరికో నాకు తెలుసు. మా అనంతగిరి దగ్గరే తీస్తున్న ఈ సినిమాలో స్టేషన్లో టీ కొట్టు నడిపే తల్లి వేషం దొరికింది. దీనికీ ఆ ఇంకొకావిడ చేతే చెప్పించాలని నిర్ణయించేశారు.

చూద్దామని నేనూ వెళ్లాను. కొడుకు వేషం వేసిన మణిదీప్ రైలెక్కాలి. "త్వరగా ఎక్కు బాబూ, రైలు కదులుతోంది" అని సాయిదుర్గ అనాలి. వచ్చింది నిజం రైలు. అనుకున్నదాని కంటే ముందే కదిలింది. మణిదీప్ కెమెరా వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"బేగి ఎక్కరా గుంటడా! రైలెలిపోతంటే ఏటలా సూత్తన్నావు!"

తలుపు దగ్గర పనసకాయలతో కూర్చున్న ముసలమ్మ, నిజంగానే తల్లి అరిచిందనుకుని, మణిదీప్ చెయ్యి పట్టి లోపలికి లాగేసింది. రైలు వాడితో సహా వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఒకటే నవ్వులు.

సాయిదుర్గ ముఖం చిన్నబోయింది. "సారీ సార్, డైలాగ్ మర్చిపోయాను. ఇంకోసారి చేస్తాను."

"ఇంకోసారికి రైలేదీ, కొడుకేడీ?" రవిబాబు కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. "పొద్దున బజ్జీల దగ్గర విన్న గొంతు ఇదే కదా! సినిమా మొత్తం ఇలాగే మాట్లాడండి. డబ్బింగూ మీరే చెప్పండి. కాకపోతే నెలంతా స్టూడియోలో ఉండాలి. మీ సీరియల్ వాళ్లు వదుల్తారా?"

రోజూ వచ్చే సీరియల్ అది. నిలకడైన పని. సాయిదుర్గ ఫోను పట్టుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచింది. ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది. తిరిగొచ్చాక నేనడిగితే, "ఇంటికెళ్లాక సెప్తాను వదినా" అంది.

సాయంత్రం అందరం భోజనాలకి కూర్చున్నాం. నేను లేత వెదురుకొమ్ముల కూర వడ్డిస్తుంటే సాయిదుర్గ అప్పుడు చెప్పింది.

"అమ్మా, సీరియల్లో పిన్నిని సంపెయ్యమన్నాను."

"అన్నం కాడ ఆ సావు మాటలేటే!"

"ఎలా చంపుతారట?" మా ఆయన ఆసక్తిగా అడిగారు.

"పోటోకి దండేసేత్తారంట అన్నయ్యా. ఈ సినిమాకి నా మాట నానే సెప్తాను. ఒప్పేసుకున్నాను."

అత్తయ్య ముద్ద కలపడం ఆపి కూతురి వైపు చూశారు.

"ఒప్పుకుంటే ఒప్పుకున్నావు గానీ, బంతిపూల దండెయ్యమను. ప్లాస్టిక్‌దేత్తే నానూరుకోను."