వంతెన ముందు ఆగిన బండి

నూరేళ్లు దాటిన ఆ ఇనుప వంతెన మీద బొగ్గింజను నడవడం అదే ఆఖరిసారి. పక్కనే కొత్త వంతెన సిద్ధమైంది. బండి నడిపేది ఫొటో స్టూడియో యజమానికి స్వయానా బావమరిది.

"ఎంతకాలం ఆ పాస్‌పోర్టు ఫొటోలు, బావా? ఈసారి నన్నూ నా బండినీ తియ్యి. పొగ సంగతి నేను చూసుకుంటా" అని ముందే చెప్పిపోయాడు.

ఆ ఉదయం భార్యాభర్తలిద్దరూ ఏటిగట్టుకు వెళ్లారు. ముళ్లపొదల మధ్య ఆయన స్టాండు నిలబెట్టి కెమెరా బిగించాడు. దానికి ఎండ తగలకుండా ఆవిడ ఎర్ర గొడుగు పట్టింది. స్టూడియోలో ఆవిడ పని ఫొటోలు కత్తిరించడం, మొహాల మీద మచ్చలు చెరపడం.

"ఏవండీ, ఒకసారి నన్ను చూడనివ్వండి."

"కదిలిస్తే మళ్లీ మొదటికొస్తుంది. గొడుగు సరిగ్గా పట్టు."

మలుపు అవతల కూత వినిపించింది. ఆయన కెమెరాకు కన్ను ఆనించి, వెంటనే తల ఎత్తాడు. వంతెన నడుమ, పట్టాల మధ్య ఎవరో ఫోను ఎత్తిపట్టుకుని నిలబడి ఉన్నారు. తప్పుకోవడానికి పక్కన చోటు లేదు. కేకేస్తే వినిపించే దూరమూ కాదు.

ఆయన గొడుగు లాక్కుని గట్టు దిగి పరిగెత్తాడు. చెప్పు ఊడిపోయినా ఆగలేదు. పట్టాల పక్కన నిలబడి గొడుగు అటూ ఇటూ ఊపాడు. బ్రేకులు కీచుమన్నాయి. బండి వంతెన మొదట్లోకి వచ్చి ఆగింది.

బావమరిది తల బయటపెట్టాడు. "బావా, నీకేమైనా మతిపోయిందా?"

ఆయాసంతో మాట రాక ఆయన చేత్తో చూపించాడు. బావమరిది అటు చూసి, గట్టిగా కూత వేశాడు.

ఫోను మనిషి తాపీగా నడిచి వచ్చాడు. "ఎందుకాపారు? ఎదురుగా వస్తుంటే తీద్దామనుకున్నా. అంతా పాడుచేశారు."

"తీసేవాడివే. చూసుకోవడానికి నువ్వుండేవాడివి కాదు" అన్నాడు బావమరిది.

ఆగిన బండిని కదిలించడానికి ఇంజను శక్తంతా పెట్టాల్సి వచ్చింది. చక్రాల దగ్గర తెల్లటి ఆవిరి, పైన నల్లటి పొగ ఒక్కసారిగా కమ్ముకున్నాయి. గట్టెక్కే వ్యవధి లేక ఆయన కిందే నిలబడి చూశాడు. బండి మెల్లగా వంతెన దాటిపోయింది.

చెప్పు వెతుక్కుని పైకొచ్చి, "పోయింది" అన్నాడు.

"పోలేదు. నేను తీశాను."

"నీకెలా వచ్చు?"

"ఇన్నేళ్లూ మీ పక్కనే ఉన్నానుగా."

రెండు రోజుల తర్వాత బావమరిది స్టూడియోకి వచ్చాడు. దారిలో బండి ఎందుకు ఆపావని పైవాళ్లు అడిగారట. చెప్పాడట. నమ్మారట. ఫొటో చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"బాగుంది బావా. కానీ నేనెక్కడ?"

"నన్నడక్కు. తీసింది మీ అక్క."

ఆవిడ వేలు పెట్టి చూపించింది. ఆవిరి మధ్యలోంచి ఒక మోచెయ్యి మాత్రం బయటికి కనిపిస్తోంది.

"మోచెయ్యైతే మోచెయ్యే. పెద్దది చేసివ్వక్కా, గోడకి పెట్టుకుంటా" అని నవ్వాడు. తర్వాత ఫొటో బల్ల మీద పెట్టేశాడు. "కళ్లు మూస్తే ఆ ఫోనువాడే కనిపిస్తున్నాడక్కా. ముద్ద దిగడం లేదు."

ఆవిడ టీ పోసి ఇచ్చింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని పక్కన కూర్చున్నాడు. కొట్టు కట్టేసేదాకా ముగ్గురూ వేరే విషయాలేవో మాట్లాడుకున్నారు.